పైథాన్ వర్క్‌షాప్‌కు పాత ల్యాప్‌టాప్ పనికొస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నరసరావుపేటలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ రెండో ఏడాది చదువుతోంది. వచ్చే వారం కాలేజీలో రెండు రోజుల పైథాన్ వర్క్‌షాప్ ఉంది. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలన్నారు. ఇంట్లో 2018లో కొన్న ఐ3 ల్యాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతుంది. ప్రోగ్రామింగ్ అంటే ఐ7, 16 జీబీ ఉండాల్సిందేనని షాపులో అంటున్నారు. అప్పు చేసైనా కొత్తది కొనాలా? ఉన్నదాంతోనే సరిపెట్టాలంటే ఏమేం చేయాలి?

జవాబు: కొనకండి. కనీసం ఈ వర్క్‌షాప్ కోసం కొనకండి. పైథాన్ ఒక ప్రోగ్రామింగ్ భాష. దాని మొదటి పాఠాల్లో ఉండేవి లెక్కలు, లూపులు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), చిన్న చిన్న ఫైళ్లు చదవడం. పైథాన్‌తో పాటే వచ్చే ఐడిల్ అనే ఎడిటర్ (కోడ్ రాసుకునే కిటికీ) కొన్ని పదుల ఎంబీల మెమరీతో నడిచిపోతుంది. మీ 4 జీబీని మింగేది పైథాన్ కాదు, పక్కన తెరిచి ఉంచే క్రోమ్ ట్యాబులు. ఐ7, 16 జీబీ అనేది వీడియో ఎడిటింగ్‌కో, పెద్ద పెద్ద గేములకో చెప్పే మాట.

మరి ఆన్ కావడానికి ఐదు నిమిషాలు ఎందుకు? ఆ కాలం ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తిరిగే హార్డ్ డిస్క్ ఉండేది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ చూడండి. డిస్క్ దగ్గర హెచ్‌డీడీ అని ఉండి, ఊరికే ఉన్నప్పుడు కూడా 100 శాతం చూపిస్తుంటే జబ్బు ప్రాసెసర్‌ది కాదు, డిస్క్‌ది. దాని స్థానంలో 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) వేయిస్తే మనిషి మారినట్టు మారుతుంది. కొత్త ల్యాప్‌టాప్ ధరలో అది చిన్న భాగమే. అయితే వర్క్‌షాప్ వారం రోజుల్లో ఉండగా ఆ పని పెట్టుకోవద్దు. విండోస్ మళ్లీ ఎక్కించాలి, ఫైళ్లు మార్చాలి, అందులో ఏదో ఒకటి అడ్డం తిరుగుతుంది. ఇప్పటికి నెమ్మదైన యంత్రంతోనే వెళ్లనివ్వండి. విండోస్ 11కు మార్చే ప్రయత్నం కూడా ఇప్పుడొద్దు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కాబట్టి దానిమీద బ్యాంకు పనులు పెట్టుకోకపోవడం మంచిది. పైథాన్ మాత్రం ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

ఒక్క షరతు. ఇన్‌స్టాల్ చేసేది షాపువాళ్లు కాదు, మీ అమ్మాయే. వర్క్‌షాప్‌లో ఏ ఎర్రర్ వచ్చినా మొదట తెలియాల్సింది పైథాన్ ఎక్కడ కూర్చుందో, ఎలా కూర్చుందో. షాపులో ఎక్కించి ఇచ్చినదాని గురించి ఆమెకు అదే తెలియదు. పైగా ఇది గంటలో అయ్యే పని.

ముందుగా నిర్వాహకులను మూడు సంగతులు అడిగి రాసుకోమనండి: ఏ వెర్షన్ వాడతారు, ఏ ఎడిటర్, అదనంగా ఏ లైబ్రరీలు (ముందే ఎవరో రాసిపెట్టిన కోడ్) కావాలి. కామర్స్ పిల్లల వర్క్‌షాప్ కాబట్టి ఎక్సెల్ ఫైళ్లతో పని చేయిస్తే పట్టికలతో పనిచేసే పాండాస్ అనే లైబ్రరీ వాడే అవకాశం ఎక్కువ. జవాబు రాకపోతే కింద చెప్పినట్టు చేసుకుంటే చాలు.

వెర్షన్ దగ్గర ఆశపడొద్దు. ఏటా అక్టోబరులో కొత్త పైథాన్ వస్తుంది. 2024లో 3.13, 2025లో 3.14 వచ్చాయి. అన్నిటికంటే కొత్తదాన్ని పట్టుకుంటే కొన్ని లైబ్రరీలు దానికింకా సిద్ధం కాకపోవచ్చు. అప్పుడు లైబ్రరీలను తెచ్చి ఎక్కించే పిప్ ఆ లైబ్రరీని మీ యంత్రంలోనే కట్టబోయి, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్‌ప్లస్ కావాలని ఎర్ర అక్షరాలతో మొరాయిస్తుంది. అందుకే ఒక మెట్టు కిందకు దిగి 3.13 తీసుకోండి. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి 2.7 మాత్రం ఎక్కించొద్దు. దానికి 2020 జనవరి 1తోనే కాలం చెల్లింది. ఇంట్లో విండోస్ 7 యంత్రం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు 3.8 దాటి ఎక్కదు.

డౌన్‌లోడ్ పైథాన్ డాట్ ఆర్గ్ నుంచే చేయాలి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రకటనల లింకుల నుంచి వద్దు. ఈమధ్య ఆ పేజీలో పైథాన్ ఇన్‌స్టాల్ మేనేజర్ అనేది ముందు కనిపిస్తోంది. దాన్ని వదిలేసి, విండోస్ విడుదలల జాబితాలోకి వెళ్లి 3.13కు 64 బిట్ ఇన్‌స్టాలర్ తీసుకోవాలి. 30 ఎంబీ లోపే ఉంటుంది, మొబైల్ డేటా సరిపోతుంది. అంతకుముందు దిస్ పీసీ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సిస్టమ్ టైప్ చూసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌లలో ఎవరైనా 32 బిట్ విండోస్ వేసి ఉంటే 64 బిట్ పైథాన్ అసలు ఎక్కదు.

ఇన్‌స్టాలర్ తెరవగానే కంగారుగా ఇన్‌స్టాల్ నౌ నొక్కేస్తారు. చాలా కష్టాలకు మొదలు అక్కడే. ఆ తెరకు అడుగున రెండు చిన్న గళ్లుంటాయి. రెండోది 'యాడ్ పైథాన్ డాట్ ఈఎక్స్‌ఈ టు పాత్'. అది ఖాళీగా ఉంటుంది, టిక్ పెట్టాలి. పాత్ అంటే మనం కమాండ్ ఇచ్చినప్పుడు విండోస్ ఏయే ఫోల్డర్లలో వెతకాలో రాసి ఉన్న జాబితా. టిక్ లేకపోతే పైథాన్ ఇంట్లోనే ఉంటుంది కానీ విండోస్‌కు చిరునామా తెలియదు. మొదటి గడి అడ్మిన్ అనుమతికి సంబంధించినది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేని యంత్రమైతే ఆ టిక్ తీసేస్తే సరి, ఆ ఒక్క యూజర్ వరకే ఎక్కుతుంది.

పూర్తయ్యాక స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవాలి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పైథాన్ అని, ఒక ఖాళీ ఇచ్చి, రెండు అడ్డగీతలు, వాటికి ఆనుకుని వెర్షన్ అని కొట్టి ఎంటర్ నొక్కాలి. పైథాన్ 3.13, దాని పక్కన ఇంకో అంకె వస్తే గట్టెక్కినట్టే. రాకపోతే మూడు కారణాల్లో ఒకటి. ఇన్‌స్టాల్‌కు ముందు తెరిచి ఉంచిన పాత కిటికీలోనే కొడుతూ ఉండవచ్చు. దాన్ని మూసి కొత్తది తెరవాలి. కమాండ్‌ను గుర్తించలేనంటే పాత్ టిక్ మర్చిపోయారన్నమాట. అదే ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడిపి, మాడిఫై, ఆ తర్వాత నెక్స్ట్ నొక్కితే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌కు కలపమనే గడి కనిపిస్తుంది. ఇక మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటే అది విండోస్ పెట్టిన దొంగదారి. సెట్టింగ్స్‌లో యాప్స్ కింద యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్ అనేది వెతికి, అందులో పైథాన్ పేరుతో ఉన్న రెండు స్విచ్‌లూ ఆపేయాలి. ఏదీ కుదరకపోతే పైథాన్ బదులు పీ, వై అని రెండక్షరాలే కొట్టి చూడమనండి. చాలాసార్లు అది పలుకుతుంది.

ఎడిటర్ సంగతి. చాలామంది నేరుగా వీఎస్ కోడ్ అనే ఎడిటర్ ఎక్కిస్తారు. ఉద్యోగాల్లో వాడేదే, మంచిదే. కానీ 4 జీబీ యంత్రంలో, మొదటి రోజున, అది పాఠం కంటే పెద్ద పాఠమైపోతుంది. ఎక్స్‌టెన్షన్ వేయాలి, ఇంటర్‌ప్రెటర్ (కోడ్‌ను నడిపే పైథాన్) ఎంచుకోవాలి, టెర్మినల్ ఎక్కడుందో వెతకాలి. నిర్వాహకులు వీఎస్ కోడ్ అనే పట్టుబట్టకపోతే థానీ అనే ఎడిటర్ వేయించండి. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైంది. ప్రోగ్రామ్ ఒక్కో లైను నడుస్తుంటే వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) విలువ ఎలా మారుతోందో పక్కనే చూపిస్తుంది. ఒక మెలిక ఉంది: థానీ తనతో పాటు తన సొంత పైథాన్‌ను తెచ్చుకుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో వేసిన లైబ్రరీ థానీలో కనిపించలేదంటే కారణం అదే. థానీలో టూల్స్ కింద మేనేజ్ ప్యాకేజెస్ నుంచి వేసుకోవాలి. పైథాన్‌నూ లైబ్రరీలనూ ఒకే మూటగా ఇచ్చే అనకొండా గురించి ఎవరైనా చెబితే ఈ ల్యాప్‌టాప్‌కు వద్దనండి. డౌన్‌లోడే ఒక జీబీకి దగ్గరగా ఉంటుంది, డిస్క్‌లో ఇంకా చాలా మింగుతుంది.

లైబ్రరీలు ఇంట్లోనే వేసుకుని వెళ్లాలి. హాల్లో అరవై మంది ఒకే వైఫై మీద ఒకేసారి డౌన్‌లోడ్ మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల దాకా ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్, ఖాళీ, అడ్డగీతతో ఎం, ఖాళీ, పిప్, ఖాళీ, ఇన్‌స్టాల్, ఖాళీ, పాండాస్ అని వరుసగా కొట్టాలి. ఒట్టి పిప్ అనకుండా పైథాన్ ద్వారా పిలిస్తే లైబ్రరీ ఆ పైథాన్‌లోకే వెళుతుంది. ఇదే పద్ధతిలో ఓపెన్‌పైఎక్సెల్ కూడా వేసుకోవాలి. స్పెల్లింగ్‌లో ఓపెన్ తర్వాత పీ, వై, ఎక్స్, ఎల్ అంతే. ఎక్సెల్ ఫైలు తెరవడానికి పాండాస్‌కు ఇది కావాలి, కానీ అది దీన్ని తనంతట తెచ్చుకోదు. మామూలు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన) ఫైలు తెరుచుకుని, ఎక్సెల్ ఫైలు దగ్గర ఆగిపోయేది ఇందుకే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. తెర మీద మూడు బాణాల గుర్తులు కనిపిస్తుంటే మనం అప్పటికే పైథాన్ లోపల ఉన్నట్టు. అక్కడ పిప్ కమాండ్ కొడితే సింటాక్స్ ఎర్రర్ తప్ప ఇంకేమీ రాదు. ఎగ్జిట్ అని రాసి ఖాళీ బ్రాకెట్లు పెట్టి, బయటికొచ్చి కొట్టాలి.

ఇక ఫైళ్లు. సీ డ్రైవ్‌లో గానీ, డాక్యుమెంట్స్‌లో గానీ ఖాళీల్లేని చిన్న ఇంగ్లిష్ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేయాలి. లేదంటే నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైలు పేరు చివర డాట్ పీవై తర్వాత గుట్టుగా డాట్ టీఎక్స్‌టీ చేరుతుంది. ఫైలు ఎదురుగా కనిపిస్తున్నా నడవదు. ఫైలుకు ర్యాండమ్, టర్టిల్, పాండాస్ లాంటి లైబ్రరీల పేర్లు పెట్టకూడదు. లైబ్రరీని తెచ్చుకోమని ఇంపోర్ట్ అనగానే పైథాన్ మొదట మన ఫోల్డర్‌లోనే వెతికి, మన ఫైలునే లైబ్రరీ అనుకుంటుంది. తప్పు కనిపించదు, ఎర్రర్ మాత్రం వింతగా ఉంటుంది.

వాట్సాప్‌లోనో వర్డ్‌లోనో వచ్చిన కోడ్‌ను అలాగే కాపీ చేసినా చిక్కే. వంకర తిరిగిన కొటేషన్ గుర్తులను పైథాన్ ఒప్పుకోదు, చెల్లని అక్షరం ఉందంటుంది. వాటిని తుడిచి కీబోర్డు మీద మళ్లీ కొట్టాలి. తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్లు విండోస్ మీటతో స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కు మారాలి. అలాగని పైథాన్‌కు తెలుగు రాదని కాదు. కొటేషన్ల మధ్య తెలుగులో ఏమైనా రాయొచ్చు. ఐడిల్‌లో చక్కగా కనిపిస్తుంది. నల్లటి కమాండ్ ప్రాంప్ట్‌లో మాత్రం డబ్బాలు కనిపించవచ్చు, అది ఫాంట్ లోపం. సరదాగా 'తెలుగు' అనే మాట పొడవు ఎంతో పైథాన్‌ను అడగమనండి. ఆరు అంటుంది. మన కంటికి మూడక్షరాలు, దానికి త, ల, గ, వాటి గుణింతపు గుర్తులు మూడూ వేరువేరు.

వర్క్‌షాప్‌కు రెండు రోజుల ముందు సాయంత్రం మొత్తం ఒకసారి నడిపి చూసుకోవాలి. పేరు అడిగి పలకరించే నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి, సేవ్ చేసి, ల్యాప్‌టాప్ ఆపి, మళ్లీ ఆన్ చేసి నడపాలి. పాండాస్‌ను ఇంపోర్ట్ చేసి చూడాలి. ఈ డిస్క్‌తో మొదటిసారి అర నిమిషం పట్టినా ఆశ్చర్యం లేదు, ఆగిపోయిందని మూసేయొద్దు. పెండింగ్‌లో ఉన్న విండోస్ అప్‌డేట్లు అప్పుడే పూర్తిచేయాలి. లేకపోతే సరిగ్గా క్లాసు మొదలయ్యే వేళకు ఆఫ్ చేయవద్దంటూ కూర్చుంటుంది.

బ్యాగులో చార్జర్ తప్పనిసరి, ఇన్నేళ్ల బ్యాటరీ గంట కూడా ఆగకపోవచ్చు. సెమినార్ హాళ్లలో ప్లగ్గులు గోడల పక్కనే ఉంటాయి కాబట్టి నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తీసుకెళ్లమనండి. చుట్టుపక్కల ముగ్గురూ దోస్తులవుతారు. ఇన్‌స్టాలర్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటే ఇంకా మంచిది.

అంత చేసినా ఆ రోజు యంత్రం మొండికేస్తే, గూగుల్ ఖాతాతో బ్రౌజర్‌లోనే గూగుల్ కొలాబ్ (గూగుల్ కంప్యూటర్ల మీద పైథాన్ నడిపే పేజీ) తెరిచి పాఠం కొనసాగించవచ్చు, పాండాస్ అందులో ముందే ఉంటుంది. టర్టిల్‌తో బొమ్మలు గీయడం మాత్రం అందులో కుదరదు. ఫోన్‌లో కూడా కొలాబ్ తెరుచుకుంటుంది గానీ, ఆ చిన్న కీబోర్డు మీద ఇండెంటేషన్ (లైను మొదట్లో వదిలే ఖాళీలు) సరిచూసుకోవడం నరకం.

ఇక కొత్త ల్యాప్‌టాప్ మాట. వర్క్‌షాప్ అయ్యాక మూడు నెలలు గడవనివ్వండి. బీకాం పిల్లకు పైథాన్ అక్కరకొచ్చేది ఇరవై బ్రాంచీల ఎక్సెల్ షీట్లను ఒకటిగా కలపడానికి, కొనుగోళ్ల పుస్తకాన్ని జీఎస్‌టీ పోర్టల్‌లోని 2బీ స్టేట్‌మెంట్‌తో (అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితాతో) సరిపోల్చి తేడా వచ్చిన ఇన్‌వాయిస్‌లు పట్టుకోవడానికి. వర్క్‌షాప్ సర్టిఫికెట్ చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఇలాంటి పని ఒక్కటి సొంతంగా చేసి ఇంటర్వ్యూలో తెరిచి చూపిస్తే అకౌంట్స్ విభాగం వాళ్లు ఆగి చూస్తారు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఐఐటీల ఎన్‌పీటెల్ పైథాన్ కోర్సులు ఉచితంగా వినొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు. ఈ మూడు నెలల్లో ఆమె వారానికి నాలుగు రోజులైనా ఆ పాత యంత్రం ముందు కూర్చుంటే అప్పుడు ఎస్‌ఎస్‌డీ వేయించండి. స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ ర్యామ్ కూడా. కొనేముందు అది డీడీఆర్3ఎల్ రకమో, డీడీఆర్4 రకమో చూసుకోవాలి. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు.