చిల్లరలో దొరికిన కాయిన్ మీద గీత, వాలిన బొమ్మ: ఇవి మింట్ తప్పులేనా?

మీ 5 రూపాయల బిళ్ల మీద సన్న గీత ఉంది, 2 రూపాయల బిళ్ల తిప్పితే వెనక బొమ్మ వాలిపోయి ఉంది, ఇవి మింట్ (నాణేలు కొట్టే టంకశాల) తప్పులేనా అని కదా అడిగారు. మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర కిరాణా కొట్టు. రాత్రి గల్లా లెక్కెట్టేటప్పుడు ఒక్కో బిళ్లా తిప్పి చూడ్డం నాకు ఏళ్ల నాటి అలవాటు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ గీత మీద గోరు రాసి చూడండి. పైకి లేచి గోరుకి తగిలితే డై క్రాక్, అంటే బిళ్ల మీద బొమ్మ కొట్టే అచ్చుకి (డైకి) వచ్చిన పగులు, లోపలికి గాడిలా ఉంటే బయటెక్కడో గీరుకుపోయింది. డైకి పగులొస్తే కొట్టినప్పుడు లోహం ఆ పగుల్లోకి ఎక్కేస్తాది, కాబట్టి బిళ్ల మీద అది ఉబ్బే వస్తాది. ఇందులో నాకు బాగా ఇష్టమైన సంగతేటంటే, ఆ డై మార్చేదాకా కొట్టిన ప్రతి బిళ్ల మీదా అదే చోట అదే గీత పడాలి. బ్యాంకు నుంచి తెచ్చిన కొత్త చిల్లర ప్యాకెట్లో నాకలా ఒక జత దొరికింది, ఒకదాన్లో గీత పొట్టిది, రెండోదాన్లో అంచుదాకా సాగిపోయింది, అంటే అదే డై ఇంకాస్త పగిలాక కొట్టిందన్నమాట. ఎంతిచ్చినా ఆ రెండూ విడగొట్టి ఇవ్వను.

మీరూ అదే సంవత్సరం, అదే మింట్ బిళ్లలు పక్కన పెట్టి పోల్చండి. సంవత్సరం కింద చుక్కుంటే నోయిడా, నక్షత్రముంటే హైదరాబాద్, డైమండ్ అయితే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం కనిపిస్తే కంగారు పడొద్దు, అది బర్మింగ్‌హామ్‌లో హీటన్ మింట్‌లో కొట్టించింది.

ఇక 2 రూపాయలది. మన నాణేలు పుస్తకంలో పేజీలా పక్కకి తిప్పితే రెండోవైపు నిటారుగా కనబడాలి, కింద నుంచి పైకి తిప్పితే తల్లకిందులుగానే ఉంటాది, చాలామంది దాన్నే ఎర్రర్ అనుకుంటారు. పక్కకి తిప్పినా వాలితే అప్పుడు డై రొటేషన్, అంటే అచ్చు తిరిగిపోయి కొట్టింది. కొద్దిగా వాలడం మామూలే, సగానికి సగం తిరిగిపోయినవే నాణేలు సేకరించే కలెక్టర్లు అడుగుతారు.

10 రూపాయల బిళ్లలో మధ్య ముక్క పక్కకి జరిగినట్టుంటే జాగ్రత్త, ఊడదీసి మళ్లీ బిగించేవాళ్లున్నారు. ముక్క, రింగు కలిసేదీ బొమ్మ పడేదీ ఒకే దెబ్బకి, అందుకని ముక్క జరిగినా బొమ్మ తన చోటే ఉండాలి. ముక్కతో పాటు బొమ్మా జరిగితే తర్వాత చేసిన పనే.

ధర సంగతి, వీడియోల్లో లక్షలంటారు, నమ్మొద్దండి. అలా చూపించే వైష్ణోదేవి 5 రూపాయలు 2012లో వచ్చిన స్మారక నాణెం, ఎర్రర్ అసలే కాదు. పాత నాణేలు కొంటామని తన పేరు వాడుకుని ఫీజులు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది, ముందే డబ్బులు కట్టమంటే ఫోన్ పెట్టేయండి. చిన్న క్రాక్‌కి పెద్దగా ఏం రాదు, అయినా దాచుకోండి.

చింతపండు పెట్టి మాత్రం తోమకండి, పైమెరుపు పోతే కలెక్టర్ ముట్టుకోడు. లైటు పక్క నుంచి పడేలా పెట్టి రెండువైపులా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, గీత ఉబ్బిందో లేదో నీడలోనే తెలిసిపోతాది.