లెక్క అడిగితే అవమానమనుకునే ఇంట్లో

కొండపి దగ్గరి పల్లె నుంచి రాసిన సోదరికి,

నిరుడు పొగాకు ధర పడిపోయి, వేలంలో ఎవరూ పాడక కొన్ని బేళ్లు నోబిడ్‌గా ఇంటికి తిరిగివచ్చిన నాటి నుంచి మీ ఉమ్మడి కుటుంబంలో మాటలే కరువయ్యాయని, అప్పు ఎంతుందని మీ భర్త అడిగితే బావగారు "అంటే నేను తిన్నానా?" అని విరుచుకుపడుతున్నారని, ఈ ఏడు మరికొంత పొలం కౌలుకు తీసుకుని పొగాకే వేద్దామన్న బావగారి మాటకు అందరూ తలలూపి లేచిపోతున్నారని రాశారు. వేరు పడటమే మేలా అని అడిగారు.

ఆ ప్రశ్నకు ఇప్పుడే జవాబు వెతకవద్దు. ముప్పు ఎదురైనప్పుడు మనుషులూ బృందాలూ ఎలా నడుచుకుంటారో 1981లో బారీ స్టా, మరో ఇద్దరు పరిశోధకులు వివరించారు: కొత్త సమాచారం చెవికెక్కదు, పెత్తనం ఒకరి చేతికి చేరుతుంది, పాత అలవాటే దిక్కవుతుంది. మునుపు చూసిన కష్టమే మళ్లీ వస్తే పాత దారి గట్టెక్కించవచ్చు గానీ, పరిస్థితి మారినప్పుడు అదే ముంచుతుంది. పొగాకు తెచ్చిన నష్టాన్ని మరింత పొగాకుతో పూడ్చాలనుకోవడంలో నాకు ఈ లక్షణమే కనిపిస్తోంది. కోపంతో వేరు పడటమూ భయం చేయించే పనే కావచ్చు.

బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) లైసెన్సు, బ్యాంకు రుణం బావగారి పేరనే ఉన్నాయన్నారు. అప్పులవాళ్లు వచ్చి నిలబడేదీ ఆయన ముందే. అందులోనూ మీ భర్త ఆ ప్రశ్న వేసింది భోజనాల దగ్గర, తోటికోడలి పుట్టింటివారు వింటుండగా! లెక్క అడగడం న్యాయమే కానీ, అక్కడ అది ఆయన పెద్దరికానికి తగిలిన దెబ్బ అయింది.

మీ భర్తను ఒంటరిగా, బ్యారన్ దగ్గరికో పొలానికో వెళ్లి, "అన్నా, ఈ అప్పు ఇద్దరిదీ, నా వంతు నేను మోస్తాను, ఎంతో చెప్పు" అని మొదలుపెట్టమనండి. ఆయన కాస్త మెత్తబడ్డాక బ్యాంకు బాకీ, బయటి వడ్డీలు, కౌలు, కట్టెలు, కూలీలు అన్నీ ఒక కాగితం మీద రాసి, దాన్ని ముందు పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చోండి. తాకట్టులో ఉన్నది మీ నగలు కూడా కాబట్టి మీరూ తోటికోడలూ తప్పక ఉండాలి. పెద్దవాళ్లు ముందే తమ అభిప్రాయం చెబితే మిగతావారు నోరు మెదపరు. అందుకే బావగారిని చివర మాట్లాడమని అత్తగారి చేత అడిగించండి, ఆమె మాటను ఆయన కాదనరని మీరే రాశారు. గొంతులు లేస్తే కనీసం ఇరవై నిమిషాలు ఆపండి. గుండె దడదడలాడుతున్న మనిషికి ఎదుటివారి మాట తలకెక్కదు, వాదన సాగదీసి లాభం లేదు.

ఇదంతా కౌలుకు బయానా ఇవ్వకముందే జరగాలి. నాట్ల దాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఈలోగా మీ భర్త గానీ మీరు గానీ సొమ్ము ఎంతో రాయని ప్రామిసరీ నోటు మీద, ఎవరు అడిగినా సంతకం చేయవద్దు. లెక్కలన్నీ చూశాక కూడా వేరు పడాలనే అనిపిస్తే, ఆ కాగితంలోని వివరాలతో నాకు మళ్లీ రాయండి. పంపకాల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.