చిన్న కాలేజీలో సంస్కృతం బీఏ: నలుగురి క్లాసు అనుభవం

చిన్న కాలేజీలో సంస్కృతం బీఏ సీటొచ్చింది, క్లాసులో పట్టుమని పదిమంది కూడా ఉండరట, చేరాలా, పెద్ద యూనివర్సిటీ కోసం ఏడాది ఆగాలా అని అడిగారు. అలాంటి చోటే చదివినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. మా బ్యాచ్ నలుగురం. నేనైతే చేరమనే అంటాను.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతే నేనూ. మార్కులు దండిగా వచ్చాయి, ఒక్క వాక్యం విడగొట్టడం మాత్రం చేతకాదు. మొదటి వారం కాళిదాసు కావ్యం రఘువంశంలో మొదటి శ్లోకం. సార్ నన్ను చదవమన్నారు. 'వాగర్థావివ' దగ్గరే ఆగిపోయాను. విడగొట్టమంటే 'వాగర్థా, వివ' అన్నాను. "వివ అంటే ఏంటి నాయనా?" అన్నారు. దాక్కోడానికి వెనక బెంచీ లేదు. ముక్కుతూ మూలుగుతూ 'వాగర్థౌ, ఇవ' (మాటా అర్థమూ లాగ) దాకా వచ్చేసరికి అరగంట. తర్వాత 'పితరౌ', అంటే 'పితృ' శబ్దానికి ఇద్దరిని చెప్పే రూపం. ఇద్దరు తండ్రులా? కాదు, తల్లీ తండ్రీ. దానికి వ్యాకరణకర్త పాణిని 'పితా మాత్రా' అని ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. ఆ ఒక్క శ్లోకానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజున రఘువంశానికి మల్లినాథసూరి రాసిన సంజీవనీ వ్యాఖ్య తెరిచాం. ముందు మేమే తంటాలు పడ్డాం గనక, ఆయన ఒక్కో ముడీ ఎలా విప్పాడో చూస్తుంటే భలే సరదాగా అనిపించింది. అరవై మంది ఉన్న క్లాసులో ఒక్కో విద్యార్థికి అరగంట ఎవరిస్తారు?

ఇబ్బందీ ఉంది, దాచను. చిన్న డిపార్ట్‌మెంట్ అంటే ఒక్క మనిషి అభిరుచే. మా సార్ వ్యాకరణం మనిషి. అలంకారశాస్త్రం, అంటే కావ్యాల అందాన్ని చర్చించే శాస్త్రం, చెప్పేవాళ్లు లేరు. పైగా చివరి ఏడాది ఆయన రిటైరయ్యారు, పోస్టు ఖాళీగా ఉండిపోయింది. ఆ శాస్త్రంలోని ఆనందవర్ధనుడి ధ్వన్యాలోకం మాకు మేమే చదువుకున్నాం. అర్థమైందనే అనుకున్నాను. ఎంఏలో చేరాక గానీ తెలియలేదు, అర్థం కాలేదని!

అందుకని చేరేముందు ఎంతమంది లెక్చరర్లున్నారో, ఈ మూడేళ్లలో ఎవరు రిటైరవుతారో కనుక్కోండి. మొహమాటపడొద్దు. వీలైతే ఒకరోజు క్లాసులో కూర్చుని చూడండి: పిల్లల చేతుల్లో మూలగ్రంథం ఉంటే చేరండి, గైడు కనిపిస్తే ఆలోచించండి. లైబ్రరీ చిన్నదని బెంగ వద్దు, ఆప్టే సంస్కృత-ఇంగ్లిష్ నిఘంటువు, పాత వ్యాఖ్యానాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

ఉద్యోగమంటే ఎక్కువగా బోధనే. స్కూలుకి బీఎడ్, కాలేజీకి ఎంఏ మీద నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్ష.

ఈలోగా రామ, హరి, గురు, రమా శబ్దాల విభక్తి రూపాలు నోటికి తెచ్చుకోండి, మొదటి వారం టెన్షన్ కాస్త తగ్గుతుంది.