రీసెర్చ్ గ్రాంట్ కోసం వెతుకుతున్నారా? ముందు ప్రకటనలు పక్కన పెట్టండి

ప్రశ్న: నేను మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. నీటి ఎద్దడి వచ్చినప్పుడు మొక్కల వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవుల్లో ఏం మార్పులొస్తాయన్నది నా టాపిక్. డిగ్రీ వచ్చాక కూడా ఇదే పని కొనసాగించాలని ఉంది. ‘ఇక మీద గ్రాంట్ నువ్వే తెచ్చుకోవాలి’ అని మా గైడ్ చెప్పేశారు. ఇంటర్నెట్‌లో వందల ప్రకటనలు కనిపిస్తున్నాయి. వాటిలో సగానికి గడువు దాటిపోయింది, మిగతావి నాకు వర్తిస్తాయో లేదో అర్థం కావడం లేదు. ఈ మధ్య ఒక సంస్థ ‘మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి’ అని మెయిల్ కూడా పంపింది. టెన్షన్‌గా ఉంది సార్. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఆ మెయిల్ సంగతి తేల్చేద్దాం. డబ్బు కట్టకండి, జవాబు కూడా ఇవ్వకండి. అప్లై చేయకుండానే షార్ట్‌లిస్ట్ అవ్వడం, గ్రాంట్ ఇవ్వడానికి ముందే ఫీజు అడగడం, రెండూ మోసానికి గుర్తులే. కొన్ని శాస్త్ర సంఘాలు తమ గ్రాంట్లను సభ్యులకే ఇస్తాయి, అందుకు సభ్యత్వ రుసుము ఉంటుంది. అది వేరే విషయం. ఆ సంఘం ఎవరిదో, ఏ జర్నల్ నడుపుతోందో, ఎవరికి గ్రాంట్లు ఇచ్చిందో అన్నీ బయటికే కనిపిస్తాయి.

ఇక అసలు ప్రశ్న. మీరు వెతుకుతున్న పద్ధతిలోనే చిక్కుంది. ‘ఎవరు గ్రాంట్ ఇస్తామంటున్నారు’ అని వెతికితే ప్రపంచంలో ఉన్న ప్రకటనలన్నీ వచ్చి మీద పడతాయి. ‘నేను చేస్తున్నలాంటి పనికి ఇప్పటికే డబ్బు ఇచ్చింది ఎవరు’ అని వెతకండి. జాబితా ఒక్కసారిగా చిన్నదైపోతుంది. పైగా మిగిలిన ప్రతి పేరు వెనుకా ఒక రుజువు ఉంటుంది.

ఆ రుజువు మీ దగ్గరే ఉంది. మీ థీసిస్‌లో మళ్ళీ మళ్ళీ ఉదహరించిన పేపర్లు తీయండి. ప్రతి పేపర్ చివర కృతజ్ఞతల భాగంలోనో, విడిగా ‘ఫండింగ్’ అన్న శీర్షిక కిందో, డబ్బు ఇచ్చిన సంస్థ పేరు, చాలాసార్లు గ్రాంట్ నంబర్ కూడా ఉంటాయి. మనలో చాలామంది పేపర్‌లో చదవకుండా వదిలేసేది ఆ నాలుగు లైన్లే. వాటిని ఒక షీట్‌లో రాసుకుంటూ పోండి: సంస్థ, పథకం, నంబర్, మొదటి రచయిత అప్పటికి ఏ దశలో ఉన్నారు. ఆ చివరి కాలమ్ ముఖ్యం. ముప్పై ఏళ్ల అనుభవమున్న ప్రొఫెసర్‌కి వచ్చిన గ్రాంట్ మీకు ఇప్పుడు పనికిరాదు. పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ అయ్యాక కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగంలో, ఉన్నప్పుడు వచ్చినదైతే పనికొస్తుంది. మీ లైబ్రరీకి వెబ్ ఆఫ్ సైన్స్ చందా ఉంటే పని ఇంకా తేలిక. 2008 నుంచి వచ్చిన పేపర్లలో ఫండింగ్ వివరాలను అది విడిగా సేకరిస్తోంది, సంస్థ పేరుతో నేరుగా వెతకవచ్చు.

గ్రాంట్ నంబర్ దొరికాక తర్వాతి మెట్టు, మంజూరైన ప్రాజెక్టుల డేటాబేస్‌లు. ప్రజాధనం ఇచ్చే పెద్ద సంస్థలు చాలావరకు ఎవరికి, ఎంత, ఏ పనికి ఇచ్చామో బహిరంగంగా పెడతాయి. యూరోపియన్ యూనియన్ ప్రాజెక్టులకు కార్డిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దాని అవార్డ్ సెర్చ్, అమెరికా ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కు రిపోర్టర్. అన్నీ ఉచితమే, లాగిన్ కూడా అక్కర్లేదు. రిపోర్టర్‌లో మ్యాచ్‌మేకర్ అని ఒక సదుపాయం ఉంది. మీ సారాంశాన్ని అందులో పేస్ట్ చేస్తే దానికి దగ్గరగా ఉన్న ప్రాజెక్టులను, వాటిని చూసే అధికారుల పేర్లతో సహా చూపిస్తుంది. మీ టాపిక్ వైద్యం కాదు కాబట్టి అక్కడ మీకు నేరుగా డబ్బు దొరక్కపోవచ్చు. అయినా ఒకసారి ప్రయత్నించండి, మీ పనికి పక్కింటి పరిశోధన ఎవరిదో తెలుస్తుంది.

ఈ డేటాబేస్‌లలో ఎంత డబ్బు ఇచ్చారో మాత్రమే చూసి ఆగిపోకండి. ప్రాజెక్టు సారాంశం మొదటి రెండు వాక్యాలు చదవండి. గెలిచిన ప్రపోజల్ తన ప్రశ్నను ఏ పేరుతో పిలిచిందో అక్కడ కనిపిస్తుంది. మీ పనినే తీసుకుందాం. వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు, నీటి ఎద్దడి. వ్యవసాయ సంస్థకు ఇది దిగుబడి సమస్య. వాతావరణ మార్పుల మీద పనిచేసే సంస్థకు, ఎండిన నేల కర్బనాన్ని ఎంత పట్టి ఉంచుతుందన్న సమస్య. మౌలిక జీవశాస్త్రానికి డబ్బిచ్చేవాళ్లకు, రెండు జీవులు ఒత్తిడిలో ఒకదానికొకటి సంకేతాలు ఎలా పంపుకుంటాయన్న ప్రశ్న. బయోటెక్ వైపు వాళ్లకు, విత్తనానికి పట్టించే ఒక సూక్ష్మజీవి. ప్రయోగశాలలో మీరు చేసే పని దాదాపు అదే, కానీ తలుపులు నాలుగు. ‘మైక్రోబయాలజీ గ్రాంట్స్’ అని వెతికినంతకాలం వీటిలో మూడు తలుపులు మీకు కనిపించవు.

దీనికో హద్దు ఉంది. ఏ ప్రశ్నను ముందు పెట్టాలన్నది మార్చుకోవచ్చు. కాల్‌కి, అంటే దరఖాస్తులు కోరుతూ సంస్థ ఇచ్చే ప్రకటనకి, సరిపోవాలని చేయని పనిని చేస్తానని రాయకూడదు. రివ్యూయర్లకు అది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఒకవేళ తెలియక డబ్బు వచ్చిందనుకోండి, మూడేళ్లు మీకు ఇష్టం లేని పని చేయాలి. అది ఇంకా ఇబ్బంది.

ఇప్పుడు అర్హత. దీనిమీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మీ దశలో అవకాశాలు చేజారేది ఎక్కువగా ఇక్కడే. పరిశోధన తొలి దశలో ఉన్నవారికిచ్చే పథకాల్లో చాలా వరకు మీ వయసును కాదు, పీహెచ్‌డీ తేదీని లెక్కేస్తాయి. ఆ తేదీ నుంచి ఒక గడియారం నడుస్తుంది. యూరప్ జీవశాస్త్రవేత్తల సంస్థ ఎంబో ఇచ్చే పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి ఆ గడువు రెండేళ్లు. జర్మనీలోని హంబోల్ట్ ఫౌండేషన్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి నాలుగేళ్లు. ఈ ఫౌండేషన్‌కి ఏ దేశం వాళ్లైనా, ఏ సబ్జెక్టు వాళ్లైనా అప్లై చేయవచ్చు. యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌లో పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిశోధన అనుభవం దాటకూడదు. దానికి ఇంకో మెలిక ఉంది: గడువు తేదీకి ముందు 36 నెలల్లో, మీరు వెళ్లాలనుకున్న దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఈ నియమం తెలియక, ముందే ఆ దేశానికి చిన్న కాంట్రాక్టు మీద వెళ్లిపోయి, ఆ తర్వాత అప్లై చేయబోయి ఆగిపోయినవాళ్లు ఉన్నారు. తప్పు వాళ్లది కాదు, వరస తారుమారైంది అంతే.

అందుకే డిగ్రీ చేతికి రాకముందే ఒక కాగితం మీద తేదీలు వేసుకోండి. ఏ పథకానికి ఎప్పటిదాకా అర్హత ఉంటుంది, ఏది ముందు మూసుకుపోతుంది. తక్కువ గడువున్నవాటికి ముందు రాయాలి. ప్రసవం, పిల్లల పెంపకం, దీర్ఘ అనారోగ్యం వంటి విరామాలను చాలా పథకాలు లెక్కలోంచి తీసేస్తాయి, కానీ మనం అడగాలి, కాగితాలు చూపాలి. నియమాలు ఏటా కొద్దికొద్దిగా మారుతుంటాయి కాబట్టి పోయినేడాది సీనియర్ చెప్పింది నమ్మి కూర్చోకుండా, ఆ ఏడాది కాల్‌కి సంబంధించిన గైడ్ మొత్తం చదవండి. నలభై పేజీలున్నా సరే.

ఇంకొకటి. గ్రాంట్ సాధారణంగా మనిషి ఖాతాలోకి రాదు, సంస్థకు వస్తుంది. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంట్ ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది. ఏ దేశస్థులైనా అడగవచ్చు. కానీ ఆ పని చేసే సంస్థ యూరోపియన్ యూనియన్‌లో గానీ, దాంతో ఒప్పందమున్న దేశంలో గానీ ఉండాలి. అంటే మీరు గ్రాంట్ వెతకడం, మిమ్మల్ని చేర్చుకునే ల్యాబ్ వెతకడం చాలాచోట్ల ఒకే పని. గడువుకి రెండు వారాల ముందు ఒక ప్రొఫెసర్‌కి ‘నాకు హోస్ట్‌గా ఉంటారా’ అని రాస్తే మర్యాదగా కాదనడమే ఎక్కువ జరుగుతుంది. ఆరు నెలల ముందు, వాళ్ల పేపర్ ఒకటి నిజంగా చదివి, దానిమీద ఒక ప్రశ్నతో రాస్తే మాట మొదలవుతుంది. ఇప్పుడున్న యూనివర్సిటీలో రీసెర్చ్ ఆఫీస్ ఉంటే అక్కడికీ ఒకసారి వెళ్లండి. కొన్ని కాల్స్‌కి ఒక్కో సంస్థ నుంచి ఒకటో రెండో ప్రపోజల్సే తీసుకుంటారు. ఆ లోపలి పోటీ ముందే అయిపోతుంది, బయట ప్రకటనలో అది కనిపించదు.

‘నా దగ్గర ప్రాథమిక డేటా లేదు, నాకెవరిస్తారు’ అన్న భయం మీ ఉత్తరంలో లేదు గానీ, రెండు నెలల్లో వస్తుంది. పెద్ద గ్రాంట్‌కి కొంత ఫలితం ముందే చూపించాలి, ఆ ఫలితం కోసం డబ్బు కావాలి. ఈ ముడి విప్పేది చిన్న గ్రాంట్లే. సిగ్మా జై అనే శాస్త్రవేత్తల సంఘం 1922 నుంచి విద్యార్థులకు చిన్న మొత్తాలు ఇస్తోంది. యూరప్ సూక్ష్మజీవశాస్త్ర సంఘాల సమాఖ్య ఫెమ్స్ తన సభ్య సంఘాల్లోని యువ పరిశోధకులకు వేరే ల్యాబ్‌లో కొన్నాళ్లు పనిచేయడానికి డబ్బిస్తుంది. ఎంబో దగ్గర కూడా, తన సభ్య, భాగస్వామ్య దేశాల మధ్య మూడు నెలల దాకా ల్యాబ్ మారి పనిచేయడానికి ఎక్స్‌చేంజ్ గ్రాంట్ ఉంది. మొత్తాలు చూసి పెదవి విరవకండి. ఒక కొత్త టెక్నిక్, ఒక మంచి గ్రాఫ్, ‘వీరికి ఇంతకుముందు కూడా ఒకరు డబ్బిచ్చారు’ అన్న ఒక లైన్, మీకిప్పుడు కావలసినవి ఇవే. డేటా అడగని పెద్ద పథకాలు కూడా లేకపోలేదు. స్ట్రాస్‌బర్గ్‌లోని హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రాం తన రీసెర్చ్ గ్రాంట్లకు ప్రాథమిక ఫలితాలు తప్పనిసరి కాదంటుంది. వాళ్లకు కావలసింది సాహసం, వేర్వేరు దేశాల ల్యాబ్‌లు కలిసి చేసే కొత్త పని. కానీ పోటీ చాలా గట్టిది, సొంత ల్యాబ్ ఉన్నవాళ్లకు ఉద్దేశించింది. దాన్ని తర్వాతి కోసం రాసి పెట్టుకోండి.

జాబితా ఆరేడు పేర్లకు తగ్గాక, రాయడం మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. చాలామంది మొహమాటంతో మానేసే పని ఇది. ఆ పథకాన్ని చూసే ప్రోగ్రాం ఆఫీసర్‌కి మెయిల్ రాయండి. ఒక పేరాలో మీ ప్రశ్న, పద్ధతి, మీ దశ చెప్పి, ‘ఇది మీ పథకం పరిధిలోకి వస్తుందా, లేకపోతే ఇంకెక్కడ అడగమంటారు’ అని అడగండి. అలాంటి సందేహాలకు జవాబివ్వడం వాళ్ల ఉద్యోగంలో భాగం, మీరు సిఫార్సు అడగడం లేదు. ‘పరిధిలోకి రాదు’ అన్న జవాబు కూడా లాభమే, మూడు వారాల రాత మిగులుతుంది.

ఆ ఒక్క పేరా ఎలా రాయాలో తెలియకపోతే, 1970లలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు డైరెక్టర్‌గా ఉన్న జార్జ్ హైల్‌మైర్ ప్రతి ప్రాజెక్టునూ అడిగిన ప్రశ్నలు తీసుకోండి. ఏం చేయాలనుకుంటున్నారు, సాంకేతిక పదాలు లేకుండా చెప్పండి. ఇప్పుడు ఎలా చేస్తున్నారు, దాని హద్దు ఏమిటి. మీ పద్ధతిలో కొత్తదేమిటి, అది ఎందుకు పనిచేస్తుందనుకుంటున్నారు. పనిచేస్తే ఎవరికి తేడా. ఎంత ఖర్చు, ఎంత కాలం. ముగిసిందని ఎలా తెలుస్తుంది. వీటికి మీ సబ్జెక్టు తెలియని స్నేహితురాలికి అర్థమయ్యేలా జవాబులు రాయగలిగితే సగం ప్రపోజల్ అయిపోయినట్టే. బడ్జెట్ గురించి ఒక్క మాట: అనుమతించిన ఖర్చులేవో చూసి, ప్రతి అంకె పక్కన కారణం రాయండి. గ్రాంట్‌లోంచి మీ సంస్థ తన నిర్వహణ ఖర్చులకు తీసుకునే ఓవర్‌హెడ్ వాటా ఎంతో ముందే అడగండి.

ఇక ఫలితాలు. పేరున్న పథకాల్లో ఎక్కువ దరఖాస్తులు తిరస్కరించబడతాయి. మంచి ప్రపోజల్స్‌లో ఏది ఇంకా మంచిదో తేల్చడం అంత కష్టం కాబట్టే, న్యూజీలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో ఒక పథకానికి, నాణ్యత పరీక్షలో నిలిచినవాటి మధ్య లాటరీ తీయడం మొదలుపెట్టింది. స్విట్జర్లాండ్ సైన్స్ ఫౌండేషన్ కూడా సమానంగా తూగిన వాటికి ఆ దారి పట్టింది. కాబట్టి ‘కాదు’ అని వస్తే మీ పని పనికిరాదని అర్థం కాదు. చాలా పథకాల్లో రివ్యూయర్ల వ్యాఖ్యలు వస్తాయి. రెండు రోజులు పక్కన పెట్టి, తర్వాత చదవండి. ఇద్దరు వేర్వేరుగా ఒకే చోట తడబడ్డారంటే లోపం అక్కడుంది. ఒక్కరికే అర్థం కాలేదంటే ఆ పేరా తిరగ రాయాలి.

మళ్ళీ పంపే నియమాలు మాత్రం పథకానికో రకం. ఎన్‌ఐహెచ్‌లో సవరించిన దరఖాస్తును 37 నెలల్లోపు పంపవచ్చు. మేరీ క్యూరీలో మరీ తక్కువ మార్కులు వస్తే మరుసటి ఏడాది అదే సంస్థతో మళ్ళీ పంపనివ్వరు. అందుకే సగం వండిన ప్రపోజల్‌ను ‘చూద్దాం’ అని పంపకండి. మీకు ఇప్పటికి సరిపోయే లెక్క: ఈ ఏడాది ఒక చిన్న గ్రాంట్, ఒక ఫెలోషిప్. రెండే. షీట్‌లో మిగిలినవాటి పక్కన వచ్చే కాల్ తేదీ రాసి ఉంచండి. పేపర్ల చివరి లైన్లు చదవడం ఈ వారమే మొదలుపెట్టండి.