పెరటి మడుల్లో నేల ఉసిరి: కాయ పండకముందే తీసేయాలి

ప్రశ్న: మా కూరగాయ మడుల్లోను, కుండీల్లోను చింతాకు వంటి ఆకులతో జానెడు ఎత్తు మొక్క విపరీతంగా మొలుస్తోంది. ఆకుల కింద వరుసగా సన్నని పచ్చని కాయలు ఉన్నాయి. పీకిన పక్షం రోజులకే మళ్లీ వస్తోంది. ఇది ఏమిటి, ఎలా నివారించాలి?

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది నేల ఉసిరి అనే ఏకవార్షిక కలుపు. ఒక రెమ్మను తుంచి, తిప్పి చూడండి. చింతలో ఒక ఈనెకు ఇరువైపులా చిట్టి ఆకులు మాత్రమే ఉంటాయి. ఇందులో ప్రతి చిట్టి ఆకు మొదట్లోనూ ఒక పువ్వో కాయో సన్నని తొడిమతో కిందికి వేలాడుతుంది. అంటే మనకు ఒకే ఆకులా కనిపించేది నిజానికి ఆకులు మోసే సన్నని కొమ్మ. కాడను తుంచితే పాలు కారినట్లయితే అది నానబాలు జాతి మొక్క, నేల ఉసిరి కాదు. కాడ ఎర్రగా ఉండి, కాయలు తొడిమ లేకుండా గరుకుగా ఉంటే దీని దగ్గరి జాతే; నివారణలో తేడా లేదు.

మీరు పీకిన మొక్క తిరిగి చిగురించడం లేదు. వస్తున్నవన్నీ నేలలోని విత్తనాల నుంచి కొత్తగా మొలిచినవే. ఒక్కొక్క కాయలో సాధారణంగా 6 గింజలుంటాయి. కాయ ఎండగానే చిట్లి అవి చుట్టూ చెదురుతాయి కనుక, ముదిరిన మొక్కను పీకి గట్టు మీద పడేస్తే పీకిన శ్రమంతా వృథా అవుతుంది. ఔషధ మొక్క కదా అని మడిలో ఒకటి రెండు వదిలేసేవారు కూడా ఈ సంగతి గమనించాలి.

కాబట్టి నేల తడిగా ఉన్నప్పుడు, మొక్క నాలుగైదు ఆకుల దశలో ఉండగానే తల్లివేరుతో సహా తీసి, వారానికొకసారి మడిని తిరిగి చూసుకోండి. కాయలున్న మొక్కలను సంచిలో వేసి బయటికి తీసుకుపోవాలి. పెరటి కంపోస్టు గుంతలో చాలినంత వేడి పుట్టదు కాబట్టి గింజలు చావకుండా ఎరువుతో పాటే మడికి తిరిగి వస్తాయి.

కొత్త మడి వేసేటప్పుడు విత్తనానికి తొందరపడకుండా, మడి చదును చేసి, తడిపెట్టి, కలుపు మొలవనిచ్చి, దోకుడు పారతో పైపైన మాత్రమే దోకి, ఆ తరువాత విత్తుకోండి. లోతుగా తవ్వితే అడుగున ఉన్న గింజలు పైకి వచ్చి మళ్లీ మొలుస్తాయి. నారు నాటిన మడుల్లో 2–3 అంగుళాల మందాన ఎండుగడ్డి పరిస్తే మొలకలు బాగా తగ్గుతాయి. మడి ఖాళీగా ఉంటే, ఎండలు తీవ్రంగా ఉన్న నెలల్లో నేలను తడిపి, పారదర్శక పాలిథిన్ షీటును అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు కప్పి ఉంచడం మంచిది.

పెరటికి కలుపు మందును నేను సిఫారసు చేయను. పెండిమిథాలిన్ వంటి మందు మొలిచిన కలుపుపై పనిచేయదు, పైగా ఆకుకూరల సన్న విత్తనాల మొలకను కూడా దెబ్బతీయవచ్చు.

కుండీల విషయంలో మాత్రం ముందుగా చూడవలసింది మట్టి మిశ్రమాన్ని. దాన్ని ఒక తట్టలో పలుచగా పోసి, తడిపి, రెండు వారాలు వెలుతురులో ఉంచండి. నేల ఉసిరి మొలకలు కనిపిస్తే ఆ మిశ్రమాన్ని పైన చెప్పినట్లు షీటు కింద వేడి చేసిన తరువాతే కుండీల్లో నింపండి.