తాతగారి డైరీలో కాల్చికం

పాఠకుల ప్రశ్నలకు విజయనగరం నుంచి ఒక విశ్రాంత వైద్యుడి జవాబులు

ప్రశ్న: మా తాతగారు బొబ్బిలిలో స్కూలు మాస్టారు. ఈమధ్య ఇల్లు సర్దుతుంటే ఆయన డైరీ దొరికింది. 1951 పేజీల్లో ఒకచోట "రాత్రి రెండింటికి బొటనవేలు పట్టుకుంది. దుప్పటి సోకినా ఓర్చుకోలేకపోయాను. డాక్టరుగారి కాల్చికం మిక్చరు రెండు గంటలకోసారి. సాయంత్రానికి నొప్పి తగ్గింది, విరేచనాలు పట్టుకున్నాయి" అని రాసుకున్నారు. నాకు 46 ఏళ్లు. రెండేళ్లుగా నాకూ అదే వేలు, అదే నొప్పి. యూరిక్ యాసిడ్ 8.9 ఉందన్నారు. నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని నెట్టుకొస్తున్నాను. ఆ కాల్చికం ఏమిటి? నాభిగడ్డలో ఉండేది అదే మందని, పొడి చేసి ఇస్తానని మా ఊళ్లో ఒకాయన అంటున్నారు. వాడొచ్చా? పప్పు మానేయాలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ముందు ఆ పొడి సంగతి. దాన్ని ముట్టుకోకండి, ఇంట్లో కూడా ఉంచకండి. కారణం కింద చెబుతాను.

మీ తాతగారికి వచ్చింది గౌట్, అంటే రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువై కీళ్లలో స్ఫటికాలుగా పేరుకోవడంవల్ల వచ్చే కీళ్లజబ్బు. నడిరాత్రి మొదలవడం, బొటనవేలి మొదట్లో ఎర్రగా ఉబ్బడం, బట్ట తగిలినా ప్రాణం పోయినట్టుండడం, ఇవన్నీ దాని గుర్తులే. 1683లో సిడెన్‌హామ్ అనే ఇంగ్లండు వైద్యుడు, తానూ ఆ జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడినవాడు, అచ్చం ఇలాగే వర్ణించాడు.

మా నాన్నగారు ఎల్.ఎం.పి. (అప్పటి వైద్య డిప్లొమా) చదివి ఇక్కడే మూడు లాంతర్ల దగ్గర డిస్పెన్సరీ నడిపేవారు. సెలవుల్లో నేను కాంపౌండరు పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. సీసా రోగే ఇంటినుంచి తెచ్చుకోవాలి. కాంపౌండరు దాన్ని వేడినీళ్లతో కడిగి, మందు పోసి, తెల్లకాగితం పట్టీని పొడుగ్గా మడిచి, అంచున కత్తెరతో గాట్లు పెట్టి, మైదా జిగురుతో సీసా పక్కన అంటించేవాడు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. జ్వరం మిక్చరైనా దగ్గు మిక్చరైనా రోజుకు మూడు గాట్లని చెప్పి పంపేవాడు. కాల్చికం సీసా ఇచ్చేటప్పుడు మాత్రం నాన్నగారు లోపలి నుంచి లేచి వచ్చేవారు. "నొప్పి తగ్గినా ఆపెయ్యి, కడుపు కదిలినా ఆపెయ్యి. రెండిట్లో ఏది ముందొస్తే అది" అని రోగి చేత తిరిగి చెప్పించుకునేవారు.

ఆ రోజుల్లో అదే పద్ధతి. మందుకూ విషానికీ మధ్య ఎడం ఎంత తక్కువో ఆయనకు తెలుసు. కాల్చికం టింక్చరు (ఆల్కహాల్‌లో తీసిన సారం) మోతాదు 5 నుంచి 15 మినిమ్‌లు, అంటే దాదాపు అన్ని చుక్కలు. దాన్ని సోడా బైకార్బ్‌తోనో పొటాషియం సిట్రేట్‌తోనో కలిపి ఇచ్చేవారు. మీ తాతగారికి విరేచనాలు పట్టుకోవడం వైద్యం వికటించడం కాదు. మందు హద్దు చేరిందనడానికి అప్పటి డాక్టర్లు చూసే గుర్తే అది.

కాల్చికం యూరప్‌లో శరత్కాలంలో పూసే ఒక దుంపమొక్క. ఆ జాతి దుంపల్ని ఆరో శతాబ్దంలోనే ట్రాలెస్ ఊరి అలెగ్జాండర్ అనే వైద్యుడు కీళ్లజబ్బుకు వాడాడు. తర్వాత విషమని భయపడి వదిలేశారు. 1763లో వియన్నాలో స్టోర్క్ అనే వైద్యుడు మళ్లీ బయటికి తీశాడు. 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు అందులోని సారాన్ని వేరుచేశారు. మన ఏజెన్సీ జ్వరాలకు దిక్కయిన క్వినైన్‌ను అదే ఏడాది వేరుచేసింది కూడా వాళ్లిద్దరే. ఆ సారమే ఈరోజు 0.5 మిల్లీగ్రాముల మాత్రగా దొరికే కాల్చిసిన్. కాబట్టి తాతగారి మందు ఎక్కడికీ పోలేదు. దాన్ని ఇచ్చే తీరు మారిందంతే. 2010లో అచ్చైన ఒక పరిశోధనలో కొందరికి పాతపద్ధతిలో ఆరు గంటల్లో 4.8 మిల్లీగ్రాములు, కొందరికి గంట వ్యవధిలో 1.8 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. నొప్పి ఇద్దరికీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. విరేచనాలు మాత్రం రెండోవాళ్లకు చాలా తక్కువ. అది చదివినప్పుడు నాన్నగారి రోగులే నా కళ్లముందు మెదిలారు. వాళ్లంతా అంత అవస్థ అనవసరంగా పడ్డారు.

ఇప్పుడు అసలు విషయం. కాల్చిసిన్ యూరిక్ యాసిడ్‌ను చుక్క కూడా తగ్గించదు. కీలులో చేరిన స్ఫటికాల మీదికి తెల్లకణాలు ఎగబడకుండా ఆపుతుంది, అందుకే వాపు దిగుతుంది. స్ఫటికాలు అక్కడే ఉంటాయి. డైరీలో తర్వాతి ఏళ్ల పేజీలు తిప్పి చూడండి. చెవి అంచున గింజలనో, వేళ్ల కణుపుల మీద గడ్డలనో, గడ్డ పగిలి తెల్లగా సుద్ద వచ్చిందనో రాసుంటే ఆశ్చర్యం లేదు. అది పేరుకుపోయిన యూరేటు, అంటే యూరిక్ యాసిడ్ లవణం.

జబ్బుకు మూలం యూరిక్ యాసిడేనన్న సంగతి అప్పటివాళ్లకు తెలియక కాదు. లండన్‌లో గారడ్ అనే వైద్యుడు 1848లోనే గౌట్ రోగుల రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువుందని చూపాడు. ఆయన చేసిన దారం పరీక్ష నాకెంతో ఇష్టం. రక్తం పైన తేరిన సీరం కొంచెం గాజుపళ్లెంలో పోసి, అందులో ఎసిటిక్ యాసిడ్ చుక్కలు వేసి, నారదారం పోగు ఒకటి పడేసి, కదపకుండా ఒకటి రెండు రోజులు వదిలేసేవాడు. యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే, దారానికి కలకండ పట్టినట్టు, పోగు పొడుగునా స్ఫటికాలు కట్టేవి. ఇంకా యంత్రాలేవీ లేని రోజుల్లో, జబ్బు కారణాన్ని కంటికి కనిపించేలా చేశాడాయన.

కారణం తెలిసిన తర్వాత కూడా వందేళ్లకు పైగా దాన్ని నిలకడగా దించే మంచి మందు డాక్టర్ల చేతిలో లేదు. సాలిసిలేట్లు (ఆస్పిరిన్ జాతి మందులు) పెద్ద మోతాదుల్లో ఇచ్చారు, కడుపు ఓర్చుకోలేదు. 1908లో సింకోఫెన్ అనే మందు వచ్చింది, కాలేయాన్ని దెబ్బతీసి మనుషుల్ని చంపింది. యూరిక్ యాసిడ్‌ను దించే ప్రొబెనెసిడ్ అనే మందు మీ తాతగారి డైరీ నాటికి అప్పుడప్పుడే వస్తోంది. ఇక నాన్నగారు చేయగలిగిందేముంది? మాంసం, కల్లు మాన్పించేవారు. నీళ్లు బాగా తాగమనేవారు. పాదం మీద గంప బోర్లించి దానిపైన దుప్పటి కప్పమనేవారు, బట్ట వేలికి తగలకుండా. గంపకు ఒకవైపు కాలు పట్టేంత మేర కోయించమని కూడా చెప్పేవారు. ఆ ఉపాయంతో రోగికి కునుకు పట్టేది. దాన్ని నేను చిన్నచూపు చూడను.

అలోప్యూరినాల్ 1960లలో వచ్చింది. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ దాన్ని మొదట రక్తక్యాన్సర్ మందుకు తోడుగా తయారుచేశారు. అది ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీనే తగ్గిస్తుందని తేలాక గౌట్‌కు మళ్లించారు. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇంకో మాట, తెలుగువాడిగా చెప్పకుండా ఉండలేను. హిచింగ్స్ హార్వర్డ్‌లో చదువుకున్నది ఫిస్కే అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిందీ అక్కడే.

మీ విషయానికి వస్తాను. మీరు చేస్తున్నది 1951 నాటి వైద్యమే. అప్పుడు వేరే దారి లేదు, మీకు ఉంది. నొప్పి తగ్గాక రెండు మూడు వారాలాగి యూరిక్ యాసిడ్ మళ్లీ చూపించండి, ఎందుకంటే నొప్పి ఉన్న రోజుల్లో తప్పుగా తక్కువ చూపించవచ్చు. దాంతోపాటు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తప్పనిసరి. ఈ పరీక్ష గురించి మన ఉత్తరాంధ్ర వాళ్లకు గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో చూస్తూనే ఉన్నాం. కిడ్నీ బలహీనంగా ఉన్నప్పుడు షాపులో తెచ్చుకునే నొప్పిమాత్రలు దాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. యూరిక్ యాసిడ్ పెరగడానికి అసలు కారణమే చాలామందిలో కిడ్నీ దాన్ని సరిగ్గా బయటికి పంపకపోవడం. బీపీకి నీటిమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి, దానివల్లా పెరుగుతుంది. డాక్టరు అలోప్యూరినాల్ మొదలెడితే 100 మిల్లీగ్రాములతోనో అంతకన్నా తక్కువతోనో మొదలెట్టి మెల్లగా పెంచుతారు. యూరిక్ యాసిడ్ 6 లోపలికి దిగి అక్కడే ఉండాలి. అప్పుడు పాత స్ఫటికాలు కూడా నెలల మీద కరుగుతాయి.

పప్పు మానక్కర్లేదు. పప్పులు, పాలకూర మానేసి నీరసించిన రోగుల్ని చాలామందిని చూశాను. మాంసం, చేపలు ఎక్కువ తినేవాళ్లకు గౌట్ ఎక్కువనీ, కందిపప్పులాంటి వాటికి ఆ సంబంధం లేదనీ, పాలు, పెరుగు మంచే చేస్తాయనీ 2004లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. మేక కార్జం, నెత్తళ్లు, బీరు, కల్లు తగ్గించండి. ఇది డబ్బున్నవాళ్ల జబ్బని ఎవరైనా దెప్పితే పట్టించుకోకండి. బడిపంతులుగారికీ వచ్చింది, మనవడికీ వచ్చింది. ఇందులో వంశం పాత్ర పెద్దది.

ఇక నాభిగడ్డ. మన కొండల్లో వానాకాలం ఎరుపు, పసుపు రేకులతో మంటలా పూసే అగ్నిశిఖనే అడవినాభి అంటారు. అందులో కాల్చిసిన్ ఉన్నమాట నిజమే. తమిళనాడులో దాన్ని గింజల కోసం పొలాల్లో పండిస్తారు కూడా. కానీ ఒక గడ్డలో ఎంత ఉందో, చెంచా పొడిలో ఎంత పడుతుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. మోతాదు మించితే మొదటిరోజు వాంతులు, విరేచనాలు. రెండు మూడు రోజులకు ఎముకమజ్జ, కిడ్నీలు, గుండె దెబ్బతింటాయి. విరుగుడు మందు మన ఆసుపత్రుల్లో లేదు. పైగా వత్సనాభిని కూడా నాభి అనే అంటారు. అది వేరే మొక్క, అదీ విషమే. మీకు ఏది ఇస్తున్నారో ఆ ఇచ్చేవాళ్లకైనా తెలుసో లేదో!

ప్రశ్న: మా నాన్నకు అలోప్యూరినాల్ మొదలెట్టిన పది రోజులకే మోకాలు వాచింది. మందు పడలేదని టెన్షన్ పడి ఆపేశాం. సరైన పనేనా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ఆపకుండా ఉండాల్సిందమ్మా. యూరిక్ యాసిడ్ దిగేటప్పుడు కీళ్లలోని పాత స్ఫటికాలు కదిలి కొత్తగా నొప్పి రావడం మామూలే. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తోడుగా కాల్చిసిన్ చిన్న మోతాదులో ఇస్తారు. మీ నాన్నగారికి అది రాశారో లేదో చీటీ చూసి డాక్టరును అడగండి. కిడ్నీ సరిగా లేకపోతే ఆ మోతాదు ఇంకా తగ్గించాలి. కొన్ని యాంటీబయాటిక్‌లు, ముఖ్యంగా క్లారిత్రోమైసిన్, దీంతో కలిస్తే ప్రమాదం. అలోప్యూరినాల్ మళ్లీ మొదలెట్టాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే మాత్రం వెంటనే ఆపేసి, అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.