ముందు బ్రీదర్ విప్పి చూడు

తాడేపల్లిగూడెం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు రెండు లారీలకీ సింథటిక్ ఆయిల్ పోయిస్తానంటోందిరా, అడ్వాన్సు కూడా కట్టేసింది" అంది. మీ నాన్న బళ్ల లెక్కలు నువ్వు చేతిలోకి తీసుకున్నావని తెలిసిన దగ్గర్నుంచీ షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. అయినా రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. చదివి బండి కాగితాలతో పాటు పెట్టుకో.

ఆయిల్ అమ్మిన కుర్రాడు మైలేజీ పది శాతం పెరుగుతుందన్నాడట. అంత రాదు. ఇంజిన్లో 15డబ్ల్యూ-40 తీసి 10డబ్ల్యూ-30 పోస్తే వచ్చేది అర శాతం నుంచి ఒకటిన్నర శాతం. గేర్‌బాక్సులో, హౌసింగులో (వెనక యాక్సిల్ మధ్య గేర్లుండే డబ్బాలో) కూడా మంచి సింథటిక్ పోస్తే అన్నీ కలిపి రెండు, మహా అయితే మూడు. అలాగని తీసిపారెయ్యకు. నెలకి 10,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 4 ఇస్తుంటే 2,500 లీటర్లు తాగుతుంది. అందులో రెండు శాతమంటే 50 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకుంటే నెలకి 4,750, ఏడాదికి 57,000. చిన్న డబ్బు కాదు. కానీ హౌరా దారిలో చేపల లోడుతో ఒక్కసారి చక్రం మధ్యన బేరింగులుండే హబ్బు పట్టేసి, ఐసు కరిగిపోతూ బండి రోడ్డు పక్కన నిలబడిందనుకో, ఆ ఏడాది మిగులూ ఆ పైన ఇంకొంతా ఆ ఒక్క పూటలో పోతుంది.

నూనె పల్చనైతే డీజిల్ ఎక్కడ మిగులుతుందో అర్థమైతే డబ్బు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. డబ్బా మీద డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూ నూనెతో సున్నాకి 20 డిగ్రీల కింద ఇంజిన్ తిరుగుతుందా లేదా అని పరీక్ష పెడతారు. మన వైపు సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి కలలోకైనా రాదు. వెనకున్న అంకె వేడెక్కాక నూనె చిక్కదనం, అది 40 నుంచి 30కి దిగడంలోనే కాస్త ఆదా ఉంది, అదీ ఇంజిన్ ఒప్పుకుంటేనే.

నన్నడిగితే మన డెల్టాలో అసలు ఆదా హౌసింగులోనే. పాత 85డబ్ల్యూ-140 గేర్ ఆయిల్ 40 డిగ్రీల వేడి దగ్గర 350 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) పైన ఉంటుంది. 75డబ్ల్యూ-90 సింథటిక్ అదే వేడిలో 110 చుట్టుపక్కల. ముదురు పాకానికీ లేత పాకానికీ ఉన్నంత తేడా. హౌసింగులోని పెద్ద పళ్ల చక్రం, అదే క్రౌను వీల్, సగం మునిగి రాత్రంతా ఆ పాకాన్ని చిలుకుతూనే ఉంటుంది, ఆ చిలకడానికీ డీజిల్ కావాలి. బాగా వేడెక్కాక రెండిటి తేడా తగ్గుతుంది. కానీ చెరువు గట్ల మీద, కాలువ రోడ్ల మీద లోడు పోగేసుకుంటూ తిరిగే బండి హౌసింగు పూర్తిగా వేడెక్కేసరికే చాలా దూరం అయిపోతుంది.

రెండు బళ్లకీ ఒకే నూనె కొన్నావట. ఇది మాత్రం నాకు కోపం తెప్పించింది. 2022 బండి బీఎస్-6. దాని సైలెన్సరులో మసిని పట్టే డీపీఎఫ్ ఉంది. దానికి బూడిద తక్కువుండే సీకే-4 రకం (డబ్బా మీద రాసుండే నూనె తరగతి) కావాలి, పైన కంపెనీ మాన్యువల్లో రాసిన సొంత ప్రమాణం కూడా డబ్బా మీద ఉండాలి. పాత తరగతి సీఐ-4 పోస్తే నూనెలోని బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు. 10డబ్ల్యూ-30 వేసుకోవచ్చని మాన్యువల్లో ఉంటేనే వెయ్యి. ఎఫ్‌ఏ-4 అని కనబడితే, కంపెనీ పేరుపెట్టి రాస్తే తప్ప ముట్టుకోకు. అది మరీ పల్చన, పాత ఇంజిన్ల కోసం చేసింది కాదు.

2012 బండి ఇంజిన్ని అలా వదిలెయ్. అరిగిన ఇంజిన్, అసలే నూనె తాగుతోంది. పల్చన చేస్తే ఇంకా తాగుతుంది, ప్రెషరూ పడిపోతుంది. దానికి సీఐ-4 ప్లస్ 15డబ్ల్యూ-40 చాలు. మిగిలిన డబ్బుతో దాని ఎయిర్ ఫిల్టరు మార్పించు, అది మూసుకుపోయి ఉంటే డీజిల్ అక్కడా మిగులుతుంది.

ఇంజిన్ ఆయిల్ మార్చడం నీకు చెప్పక్కర్లేదు. వేడి మీద దించు, అరగంట కారనివ్వు, ఫిల్టర్లన్నీ మార్చు, గేజి రాడ్డు మీద రెండు గీతల మధ్యలో ఉంచు. ఫ్లషింగ్ ఆయిల్ అక్కర్లేదు. పాత మినరల్ నూనె కాస్త మిగిలినా సింథటిక్‌తో కలుస్తుంది, ఏమీ కాదు. పై గీత దాటించావంటే క్రాంకు దాన్ని కొట్టి నురగ చేస్తుంది, మైలేజీ కోసం పోసిన నూనే మైలేజీ తినేస్తుంది.

గేర్‌బాక్సు మాన్యువల్లో జీఎల్-4 రకం గేర్ ఆయిల్ అని ఉంటే జీఎల్-5 పొయ్యకు. హౌసింగుకి కావలసింది జీఎల్-5, అందులోని గంధకం మందులు కొన్ని గేర్‌బాక్సు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగుల్ని తినేస్తాయి. రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టొద్దని క్లీనరుకి చెప్పు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. హౌసింగులో పల్చని నూనె పోసి బ్రీదర్ చూడకపోవడం. ఈ తప్పు నేను చేశాను, అందుకే ఇంతగా చెబుతున్నాను.

బ్రీదర్ అంటే హౌసింగు గొట్టం మీద బొటనవేలంత ఉండే టోపీ. దాని పని ఒక్కటే, లోపలి గాలిని బయటికి పోనివ్వడం, బయటి నీటిని లోపలికి రానివ్వకపోవడం. మన చెరువు గట్ల బంకమట్టి ఎగిరి దాని మీద పడుతుంది, ఎండి సిమెంటు అవుతుంది. తెల్లారి 30 డిగ్రీలున్న హౌసింగు లోడుతో హైవే ఎక్కి 90 దాకా వేడెక్కుతుంది. లోపలి గాలి ఉబ్బుతుంది, పోవడానికి దారి లేదు. ఆ ఒత్తిడంతా యాక్సిల్ చివర ఆయిల్ సీలు పెదవి మీద పడుతుంది. ఆ సీలు అప్పటికే అరిగి ఉంటే, చిక్కటి నూనె ఉన్నన్నాళ్లూ ఆ చిక్కదనమే దాన్ని కాస్తుంది. పల్చని నూనె పోసిన రోజు ఆ కాపలా పోతుంది. నూనె సీలు దాటి హబ్బులోకి వస్తుంది. అక్కడున్న గ్రీజుని కరిగించి గంజిలా చేస్తుంది. బేరింగుకి గ్రీజు మిగలదు. ఆ గంజి డ్రమ్ములోకి కారి బ్రేకు లైనర్ల మీద పడుతుంది. తడిసిన పక్క బ్రేకు పట్టదు, రెండో పక్క పడుతుంది. బండి పక్కకి లాగుతుంది.

నేను చేసింది ఇదీ. వేడి మీద పాత నూనె దించాను, అంతవరకు బాగానే ఉంది. బండి గట్టు మీద ఏటవాలుగా ఉండగానే నింపాను. ఇంకో అర లీటరు ఎక్కువుంటే మంచిదేలే అనుకున్నాను. బ్రీదర్ ముట్టుకోలేదు. 600 కిలోమీటర్లు పోయాక కుడి వెనక హబ్బు పట్టేసింది. విప్పితే లైనర్లు నల్లగా నిగనిగలాడుతూ, కాలిన గ్రీజు వాసన, బేరింగు రోలర్లు నీలం తిరిగి ఉన్నాయి. బ్రేకు ఒక పక్కకి లాగుతోందని డ్రైవరు పసిగట్టి ముందే నెమ్మదించాడు కాబట్టి మనుషులకి ఏమీ కాలేదు. ఆ బండిలో క్లీనరు కుర్రాడికి పదిహేడేళ్లు, అమ్మలూ.

దీనికి ఎదురు తిరుగుడు కూడా ఉంది. వేడిగా ఉన్న హౌసింగు నీళ్లలో దిగితే ఒక్కసారిగా చల్లారి, బ్రీదర్ నుంచో సీలు నుంచో నీటిని లోపలికి పీల్చుకుంటుంది. 1986 గోదావరి వరదల తర్వాత షెడ్లకొచ్చిన బళ్లలో ప్లగ్గు విప్పితే నూనెకి బదులు మజ్జిగ రంగు కారేది. వానాకాలంలో మీ బండి హబ్బుల దాకా నీళ్లలో దిగిందా, నూనె ఎంత కొత్తదైనా ప్లగ్గు విప్పి రంగు చూడాల్సిందే.

కాబట్టి ఇలా చెయ్యి. బండి ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగి వేడెక్కాక చదునైన నేల మీద పెట్టు. ముందు పై ప్లగ్గు విప్పు, తర్వాతే కింది ప్లగ్గు. కిందిది విప్పి నూనంతా దించేశాక పైది తుప్పు పట్టి రాలేదనుకో, బండి అక్కడే ఉండిపోతుంది. కింది ప్లగ్గు అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలే. వేలికి గుచ్చుకునే పెళ్లలుంటే నూనె పొయ్యకు, క్రౌను విప్పించు. బ్రీదర్ తీసి డీజిల్లో నానబెట్టి, గాలి కొట్టి, నోటితో ఊది చూడు. గాలి ధారాళంగా పోవాలి. పోకపోతే కొత్తది వెయ్యి, దాని ధర డీజిల్ బిల్లులో లెక్కకే రాదు. నాలుగు చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడు. డ్రమ్ము వెనక పళ్లెం మీద తడి గీత కనబడితే సీలు మార్చందే పల్చని నూనె పొయ్యొద్దు. కొత్త నూనె పై రంధ్రం కింది అంచు నుంచి చెమర్చే దాకా పొయ్యి. పది నిమిషాలు ఆగితే గొట్టాల్లోకి సర్దుకుని కిందికి దిగుతుంది, మళ్లీ అంచు దాకా పొయ్యి. అంతకు మించి ఒక్క గ్లాసు కూడా వద్దు. ఖాళీ బండికి పైకి లేపే లిఫ్టు యాక్సిలుకి ఈ నూనె ఉండదు, అక్కడ హబ్బు గ్రీజు మాత్రమే.

గ్రీజు దగ్గర కూడా తొందరపడకు. ఐసు నీళ్లు ట్రేల నుంచి కారి నేరుగా వెనక హబ్బుల మీద పడతాయి. నీటికి తట్టుకునే లిథియం కాంప్లెక్స్ మంచిది, కానీ పాతదాని మీద పుయ్యకూడదు. పాత గ్రీజుని ఏ మందుతో చిక్కబరిచారో నీకు తెలియదు. లిథియం గ్రీజూ, పాలీయూరియా గ్రీజూ కలిస్తే మెత్తబడి కారిపోవచ్చు. రంగు ఒకటే అయినంత మాత్రాన జాతి ఒకటి కాదు. బేరింగుని డీజిల్లో కడిగి, గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టు. రోలర్ల సందుల్లోకి అరచేత్తో నొక్కి నింపు. బేరింగు నిండాలి గానీ హబ్బు గుంట నిండకూడదు, మూడో వంతు నుంచి సగం చాలు. కుక్కితే అదే వేడెక్కుతుంది.

మొదటి ట్రిప్పుకి ఒక టెంపరేచర్ గన్ను కొనిపెట్టు. ప్రతి రెండు వందల కిలోమీటర్లకీ, బ్రేకు పెద్దగా వాడని చోట ఆగి, ఎడమా కుడీ హబ్బులు చూడమను. ఒకదానికంటే ఒకటి 25 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే బండి ముందుకి కదలకూడదు. "లోడు లేటవుతుంది" అని ఎవరన్నా సరే.

రెండు బళ్లకీ ఒకేసారి ఎందుకు మారుస్తున్నావు? అప్పుడు మిగిలిందో లేదో నీకెలా తెలుస్తుంది? రెండు శాతమంటే 4 కాస్తా 4.08 అవుతుంది. ఎదురుగాలీ, తుని దగ్గర ట్రాఫిక్కూ, అర టన్ను లోడు తేడా ఇంతకంటే ఎక్కువ మార్చేస్తాయి. ముందు మార్చకుండా రెండు బళ్లకీ ఐదేసి ట్రిప్పులు రాయి. తర్వాత చేపల బండికి మాత్రమే మార్చి మళ్లీ ఐదేసి రాయి. రెండో బండి మైలేజీ కూడా అంతే మారితే అది కాలం తేడా, నూనెది కాదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, బండి ఒకే వాలులో పెట్టి మెడ దాకా నింపాలి. దారిలో కొట్టించిన ప్రతి లీటరూ పుస్తకంలోకి రావాలి. యానాంలో చవకని కొట్టించిన దానికి కూడా బిల్లు తెమ్మను. లెక్క మొదలుపెట్టే ముందు టైర్లు చల్లగా ఉండగా గాలి సరిచూసి, చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పు. బ్రేకు పట్టుకుని ఉంటే ఏ నూనే మైలేజీ ఇవ్వదు.

ఖరీదైన నూనె కదా అని మార్చే గడువు నీ అంతట నువ్వు పెంచకు. నూనె పాడవకపోయినా అందులో మసీ దుమ్మూ చేరుతూనే ఉంటాయి. పెంచాలనిపిస్తే, దించేటప్పుడు ధార మధ్యలోంచి శుభ్రమైన సీసాలో 100 మిల్లీలీటర్లు పట్టి ల్యాబుకి పంపు. ఇనుము ఎంతుందో, సిలికాన్ ఎంతుందో, టీబీఎన్ (నూనెలో ఆమ్లాన్ని విరిచే శక్తి) ఎంత మిగిలిందో చెబుతారు. సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టరు దగ్గర దుమ్ము దూరుతోందేమో ముందు చూడు. ఖాళీ డబ్బాలు పాత సామాన్లవాడికి అలాగే ఇవ్వకు. కత్తితో కోసి ఇవ్వు, లేకపోతే నకిలీ నూనెతో అదే డబ్బా మళ్లీ నీ దగ్గరికే వస్తుంది.

డ్రైవరు బాబాయి ఏదైనా శబ్దం వస్తోందంటే నీ పుస్తకం పక్కన పెట్టి ముందు ఆయన మాట విను. మీ నాన్న అలాగే వినేవాడు.

ఆ 2012 బండి కోసం కట్టిన అడ్వాన్సు వెనక్కి అడుగు. ఇవ్వకపోతే దాని బదులు బ్రీదర్లు, ఆయిల్ సీళ్లు తీసుకో. ఆదివారం చేపల బండిని మన షెడ్డుకి తెప్పించు, నేనే కింద పడుకుని చూస్తాను. ఈలోగా ఎవరైనా హౌసింగు ప్లగ్గు విప్పితే, ఆ అయస్కాంతం తుడవకుండా ఫోటో తీసి పంపమను.

నీ మావయ్య